ఒక పిలుపుకి ఇద్దరు

మా అత్తగారికి కోడళ్లను పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు. ‘కోడలుపిల్లా’ అంటారు, అంతే. చాలా ఏళ్లు ఆ ఇంట్లో ఆ మాటకి పలికేది నేనొక్కదాన్నే. పొయ్యి దగ్గరున్నా, ఆవు దగ్గరున్నా, తడి చేతులు నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుంటూ పరిగెత్తేదాన్ని. తర్వాత మా మరిదికి పెళ్లయింది, బెగిమై వచ్చింది. మాలో తల్లిదండ్రుల ఇల్లు చిన్నకొడుకుది. పెద్దవాళ్లు బయటికెళ్లి కాపురం పెట్టుకోవాలి. పెట్టుకున్నాం, రెండు సందుల అవతల. నేను సున్నం కొట్టిన గోడలు, నేను నాటిన ఆప్రికాట్ చెట్టు, నేను మసి పట్టించిన పొయ్యి, అన్నీ బెగిమై పాలయ్యాయి.

ఇప్పటికీ ఆ వాకిట్లో ఉండగా ‘కోడలుపిల్లా’ అని వినబడితే చాలు, సగం లేస్తాను. “నిన్ను కాదు, చిన్నదాన్ని,” అంటారు అత్తగారు. తలకి కట్టుకున్న రుమాలు సర్దుకోవడానికే లేచినట్టు నటించి మళ్లీ కూర్చుంటాను.

ఇది కుళ్లు అని మీరంటే నేనేమీ పోట్లాడను. కుళ్లే.

పోనీ ఆ బెగిమై ఏమైనా పనిమంతురాలా అంటే, అదీ లేదు. కంప్యూటర్‌లో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం, ఇంట్లో కూర్చునే చేస్తుంది. చేతులు చూస్తే పసిపిల్ల చేతుల్లా మెత్తగా ఉంటాయి. ఆవిడ పిండి ముక్కలు కోసి నూనెలో వేయించిన బూర్సోక్‌లు నేలకేసి కొడితే పైకి లేస్తాయి. వచ్చినవాళ్లకి పియాలా నిండా టీ పోస్తుంది. మాలో పియాలా నిండా పోస్తే ‘తాగేసి వెళ్లండి’ అన్నట్టు. కొసరి కొసరి సగమే పోయాలి, అప్పుడే మళ్లీ మళ్లీ అడుగుతారు, కూర్చుంటారు, మాట్లాడతారు. పుట్టింట్లో ఇది కూడా నేర్పలేదా అని నేను లోలోపల పళ్లు నూరుతుంటే, అత్తగారు మాత్రం ఆ నిండు పియాలానే చప్పరిస్తూ తాగుతారు.

అంతటితో ఆగినా బాగుండేది. ఈ వసంతం నుంచి అత్తగారు రోజూ మధ్యాహ్నం బెగిమై గదిలోకి వెళ్లి తలుపు వేసుకోవడం మొదలుపెట్టారు. నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నా గది గడప తొక్కి ఎరగరు. “లోపల ఏం చేస్తారత్తమ్మా?” అని అడిగితే, “ఏదో చూపిస్తోందిలే,” అని మాట దాటేశారు.

ఏం చూపిస్తోందో నాకు తెలుసు. పోయిన శరదృతువులో మా మామగారు పోయారు. ఏడాది తిరిగేలోపు ఆయన పేరున ‘ఆష్’ పెట్టాలి. గుర్రాన్ని కోసి ఊరందరికీ భోజనం పెట్టాలి, నారిన్ కొండల నుంచి బంధువులంతా దిగుతారు. మామగారు బతికుండగా పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఎవరు ఎవరి కొడుకో, ఎవరి మనవడో తరాలన్నీ అప్పజెప్పించేవారు. ఆ వంశాన్నంతా ఈసారి ఫోటోలతో సహా పెద్ద టీవీలో చూపించాలని మా మరిది అన్నాడు. అత్తగారు వెంటనే, “చిన్నదానికి చెప్పండి. కంప్యూటర్ దానికే కదా వచ్చు,” అన్నారు.

అక్కడే నా కడుపు మండిపోయింది. ఆ బంధువుల గురించి బెగిమైకి ఏం తెలుసు? వాళ్లందరి చేతుల మీదా నీళ్లు పోసినదాన్ని నేను. ఎవరికి పళ్లు లేవో, ఎవరి పక్కన ఎవర్ని కూర్చోబెడితే రగడో, ఎవరి రెండో భార్య ఎవరి మేనకోడలో నన్నడగాలి. ఆవిడ ఇప్పటికీ ఫోటో ముందు పెట్టుకుని, “ఈయన ఎవరక్కా?” అంటుంది. అలాంటిదానికి మా మామగారి వంశమా? ఆ టీవీలో నేను చేసిందే కనబడాలి అనుకున్నాను. అది తప్ప ఆ ఎండాకాలమంతా నేను వేరే ఏదీ కోరుకోలేదు.

మా పేట గ్రంథాలయంలో ఆడవాళ్లకి ఉచితంగా కంప్యూటర్ చదువు చెప్తున్నారు. వెళ్లి కూర్చున్నాను. చెప్పే అమ్మాయి నూరైమ్, నిన్నకాక మొన్న కాలేజీ దాటినట్టుంది.

“అక్కా, మీకు ఏం చెయ్యాలనుంది?” అంది.

“వంశవృక్షం.”

“అయితే మీరు మనుషుల్ని వస్తువులుగా రాయడం నేర్చుకోవాలి.”

“మా ఆయన్ని వస్తువుగా చెయ్యడం నాకు ముందే వచ్చు. సోఫా మీద పెట్టి ఉంచుతా.”

గదంతా నవ్వింది. నూరైమ్ కూడా నవ్వి, బల్ల మీద నుంచి ఒక అచ్చు తీసింది. రొట్టె తందూరులో వెయ్యబోయే ముందు మధ్యలో పువ్వులా పొడుస్తామే, అదే. ఇంటి నుంచి తెచ్చుకుందట.

“ఇదిగో, ఈ అచ్చు ఒక్కటే. దీంతో ఎన్ని రొట్టెలైనా పొడవొచ్చు. ఒకటి మాడుద్ది, ఒకటి పొంగుద్ది, దేని సంగతి దానిదే. కానీ పువ్వు మాత్రం అన్నిటికీ ఉంటది. మనిషి అని ఒక అచ్చు చేద్దాం. దాంతో మీ బంధువుల్ని అందర్నీ పొడుద్దాం.”

ఇంత తేలికైన దానికా బెగిమై తలుపులు వేసుకునేది! నాకు ధైర్యం వచ్చింది.

“సరే, ఏ భాషతో మొదలుపెడదాం అక్కా? జావా ఉంది, పైథాన్ ఉంది...”

“మా తోడికోడలు ఏదో జావా అంటుంటే విన్నాను.”

“మంచిదేనక్కా! ఇది నేర్చుకోవడానికి చాలామంది దాంతోనే...”

“అది కానిది ఇవ్వు.”

“అంటే?”

“అది కానిది ఏదైనా సరే. ఆవిడ విడిచిన చెప్పుల్లో నేను కాలు పెట్టను.”

“భాషని ఇలా ఎంచుకున్నవాళ్లని ఇప్పుడే చూస్తున్నా,” అని నూరైమ్ పైథాన్ తెరిచింది.

సంగతి బెగిమై చెవిన ఎలా పడిందో గాని, రెండు రోజులు తిరక్కుండానే రాస్ప్‌బెర్రీ జామ్ గిన్నె పట్టుకుని మా గేటు దగ్గర నిలబడింది.

“అక్కా, నేర్చుకుంటున్నారట. నాకు భలే సంతోషంగా ఉంది.”

“నీకెందుకమ్మా సంతోషం?”

తడబడింది. అయినా వెళ్లలేదు. “ఒక్క మాట చెప్తా, ఏమనుకోకండి. మొదటిసారికి జావా అయితే మంచిది. దానికి చాదస్తం ఎక్కువే. ప్రతిదానికీ అడ్డం పడుద్ది, ఇది తప్పు, అది తప్పు అని సణుగుద్ది. కానీ అలా సణిగేదే మనకి...”

“సణిగేవాళ్లు నాకు ఇంటి నిండా ఉన్నారు. జీతమిచ్చి ఇంకోదాన్ని తెచ్చుకోవాలా?”

“పైథాన్ మరీ మంచిదక్కా. మనం ఏం రాసినా సరేనంటది.”

“నాకు అలాంటి మనిషే కావాలి. ఇన్నాళ్లూ దొరకలేదు.”

జామ్ తీసుకుని గేటు వేశాను. నేను తనని మించిపోతానని భయపడి నా కాలికి బంధం వెయ్యడానికి వచ్చిందనే అనుకున్నాను. జామ్ మాత్రం బాగుంది. అది ఇంకా ఒళ్లు మండించింది.

కష్టపడ్డాననే చెప్పాలి. పిల్లలకి తిండి పెట్టి, ఆవు పాలు పితికి, మా ఆయన పాత లాప్‌టాప్ ముందు కూర్చునేదాన్ని. ముందు మనుషుల్ని ఒక్కొక్కరినీ అచ్చుతో పొడిచాను. తర్వాత ఎవరికి ఎవరు తండ్రో, ఎవరికి ఎవరు భర్తో కలుపుకుంటూ వచ్చాను. చిన్నవాళ్ల పేర్లు ఉన్నవి ఉన్నట్టే రాశాను. పెద్దవాళ్ల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

కోడలు అత్తింటి పెద్దల పేర్లు ఎత్తకూడదు. మామగారి పేరు మీకూ చెప్పను. అందులో ఒక లోహం పేరుంది, అందుకని ఆ లోహాన్ని కూడా నేను ‘నల్లది’ అంటాను. మా గేటుకి ఉన్నది నల్లది. మేకు నల్లది. పెళ్లయిన నాటి నుంచీ నాలుక అలా తిరిగిపోయింది, చేతివేళ్లు మాత్రం ఎందుకు ఊరుకుంటాయి? అందుకని ఎవర్ని ఎలా పిలిచేదాన్నో అలాగే రాశాను. మా మామగారిని ‘పెద్దాయన’ అనేదాన్ని, పెద్దాయన అని రాశాను. నారిన్‌లో ఉండే ఆయన అన్నగారినీ పెద్దాయన అనే అంటాను, అదే రాశాను. ఇంట్లో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఎవరి వైపు చూసి అంటే వాళ్లు పలికేవారు.

పైథాన్ కిక్కురుమనలేదు. ఒక్క ఎర్ర గీత కూడా రాలేదు. చెట్టు మొత్తం తెర మీద విచ్చుకుంది. అందులో నేను చూసుకున్నది రెండే గడులు. ఒకటి నాది, ఒకటి బెగిమైది. నా ఫోటో దానికంటే కాస్త పెద్దదిగా ఉందో లేదో చూసుకుని, ఉందని తెలుసుకుని లాప్‌టాప్ మూసేశాను.

ఆష్‌కి వారం ముందు, పెద్దింట్లో అందరూ టీకి చేరిన రోజున, నేనే కదిపాను. “అత్తమ్మా, చెట్టు నేనూ ఒకటి చేశాను. రెండూ చూసి ఏది బాగుంటే అది పెట్టండి.”

బెగిమై చేతిలో టీ కెటిల్ ఆగిపోయింది. నా ప్రాణం లేచొచ్చింది. మా ఆయన లాప్‌టాప్‌ని టీవీకి తగిలించాడు. అత్తగారు గదిలో పెద్దలు కూర్చునే చోట, ఎప్పుడూ మామగారు కూర్చునే పరుపుల పక్కన కూర్చుని, కళ్లజోడు పెట్టుకున్నారు.

చెట్టు గోడంత అయింది. మా మరిది ‘ఓహో’ అన్నాడు. నేను గర్వంగా బెగిమై వైపు చూస్తున్నాను, అందుకే అత్తగారి ముఖం చూడలేదు.

“ఆయనేడీ?” అన్నారు అత్తగారు.

“అదుగో అత్తమ్మా, పైన. తెల్ల టోపీ.”

“ఆ టోపీ మా బావగారిది.”

చూశాను. ఇద్దరు అన్నదమ్ములకీ ఒకే రకం తెల్ల కల్పాక్, ఒకే రకం గడ్డం. నా చిన్న తెర మీద తేడా తెలియలేదు. ఇక్కడ గోడంత ముఖం మీద ఆయన అన్నగారికి మాత్రమే ఉన్న ఎడమ చెవి పక్కన పులిపిరి స్పష్టంగా కనబడుతోంది. మా మామగారు ఎక్కడా లేరు. ఆయన కొడుకులిద్దరూ, కూతురూ ఆయన అన్నగారి కిందికి చేరారు. అన్నగారికి ఒక పక్కన ఆయన సొంత భార్య, రెండో పక్కన మా అత్తగారు.

“ఏమే,” అన్నారు అత్తగారు. “ఈ వయసులో నన్ను మా బావగారికి కట్టబెట్టావా?”

మా ఆయనకి టీ ముక్కులోకి పోయింది. మా మరిది గేటు చూసొస్తానని బయటికి పరిగెత్తాడు. వాడి నవ్వు సందు చివరిదాకా వినబడింది. ఎవరి పేరున ఆష్ పెడుతున్నామో ఆయన్నే నేను వంశంలో లేకుండా చేశాను.

బెగిమై నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, జుట్టు పట్టుకునేదాన్ని. వచ్చి నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని, నేను రాసిందంతా పైకీ కిందికీ జరిపి, ఒక చోట వేలు పెట్టింది.

“అక్కా, ఇద్దర్నీ ఒకే పేరుతో రాశారు. ముందు మామగారు. తర్వాత వాళ్లన్నగారు. పైథాన్ ఏమీ అడగదక్కా. అదే పేరుతో తర్వాత ఎవరొస్తే వాళ్లని తెచ్చి ముందున్న వాళ్ల చోట్లో కూర్చోబెడుద్ది. ముందున్నవాళ్లు ఏమయ్యారో చూడదు.”

“నాకు తెలుసులే,” అన్నాను.

“తెలుసా?”

“ఈ ఇంట్లో మూడేళ్లుగా చూస్తున్నానుగా.”

అనాలని అనలేదు. నోరు జారింది. మా ఆయన పియాలా కింద పెట్టాడు. బెగిమై ముఖం ముందు అర్థంకానట్టు, తర్వాత అర్థమైనట్టు మారి, చెవులదాకా ఎర్రబడింది. అత్తగారు కళ్లజోడు తీసి రుమాలు అంచుతో తుడవడం మొదలుపెట్టారు.

చివరికి ఆవిడే, “మరి నీ దాంట్లో?” అన్నారు బెగిమైతో.

“జావా ఒప్పుకోదత్తమ్మా. ఈ పేరుతో ఇక్కడ ఒకరున్నారు, ఇంకొకరికి ఇవ్వనంటది. ఆ ముడి విప్పేదాకా ఒక్కడుగు ముందుకి పోనివ్వదు.”

“దానికి మర్యాద తెలుసన్నమాట,” అన్నారు అత్తగారు. “పెట్టు చూద్దాం.”

బెగిమై చెట్టు తెర మీదకొచ్చింది. మా మామగారు తన చోట్లో తను కూర్చుని ఉన్నారు. ఫోటో కింద ఆయన పూర్తి పేరు. నా కోపానికి పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికింది.

“పేరు రాశావా? కోడలివై ఉండి? సిగ్గులేదూ?”

“నేను రాయలేదక్కా.”

“మరి దయ్యం రాసిందా?”

అత్తగారు కుడిచేతి చూపుడువేలు పైకెత్తి చూపించారు. “నేను రాశాను. జావాకి ఒక్కొక్కరికి ఒక్కో పేరు కావాలంట. ఇదేమో పెద్దల పేర్లు నేను రాయనత్తమ్మా అని మొండికేసింది. నేను మాత్రం ఎలా అంటాను ఆయన పేరు? యాభై ఏళ్లు అనలేదు. నోటితో అనకుండా వేలితో కొట్టమంది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆయన్నీ, వాళ్లన్ననీ, వాళ్ల నాన్ననీ, అందర్నీ కొట్టాను. మధ్యాహ్నాలన్నీ దానికే అయ్యాయి.”

ఆ మూసిన తలుపు వెనక జరిగింది ఇదన్నమాట. ఇంకొకరైతే ఇక్కడ మనసు కరిగి బెగిమైని కౌగిలించుకునేవాళ్లేమో. నాకు ఇంకా మండింది. అత్తగారు జన్మలో మొదటిసారి మొగుడి పేరు రాశారు. ఆయనకి మంచం మీద సూప్ తాగించినదాన్ని నేను, ఆ పేరు రాస్తుంటే పక్కన కూర్చుని చూసింది బెగిమై.

“ఆష్ రోజున చిన్నదానిదే పెట్టండి,” అన్నారు అత్తగారు.

అయిపోయింది. నేను లాప్‌టాప్ చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

మర్నాడు గ్రంథాలయానికి వెళ్లి, “నాకు జావా నేర్పు,” అన్నాను.

నూరైమ్ కళ్లు పెద్దవి చేసింది. “ఈసారి ఎవరి మీద కోపమక్కా?”

“ఆవిడ మీదే. ఆవిడకి వచ్చింది నాకు రాకపోవడం ఏంటి? పైగా నాకు అడ్డం పడేది కావాలి. సరే సరే అని తలూపి మనుషుల్ని మింగేసేది వద్దు.”

నా చెట్టునే జావాలో మొదటి నుంచి రాయడం మొదలుపెట్టాను. రెండో ‘పెద్దాయన’ దగ్గరికి రాగానే అది అడ్డంగా నిలబడి ఎర్రగా సణిగింది, బెగిమై చెప్పినట్టే. అంత చిన్న సణుగుడు ముందే విని ఉంటే సరిపోయేది.

ఆష్ రోజు వాకిలంతా పొగ. పెద్ద కళాయిలో బూర్సోక్‌లు వేయిస్తున్నది నేనే, ఆ పని మాత్రం ఎవరూ చిన్నదానికి చెప్పలేదు. నారిన్ బంధువులు ఒక్కొక్కరే టీవీ ముందు నిలబడి తమని తాము వెతుక్కుంటున్నారు. ముసలివాళ్లు పేరు చూసి తెరని చేత్తో తడుముతున్నారు. ఎవరు చేశారని ఎవరో అడిగితే మా మరిది ఛాతీ విరుచుకుని బెగిమైని చూపించాడు. నేను నూనెలోకి చూస్తూ ఉండిపోయాను.

మామగారి అన్నగారు వచ్చి, తన గడి తనకే ఉందో లేదో చూసుకుని, పరుపుల మీద కూర్చున్నారు. అప్పుడే లోపలి నుంచి అత్తగారి గొంతు వినబడింది.

“కోడలుపిల్లా!”

అలవాటు ప్రకారం సగం లేచాను. గడప దగ్గర బెగిమై కూడా లేచింది. ‘నిన్ను కాదు’ అనే మాట కోసం ఎదురుచూస్తూ నేను రుమాలు మీద చెయ్యి కూడా వేశాను.

అత్తగారు గుమ్మంలోకి వచ్చారు. నన్ను చూశారు, దాన్ని చూశారు. పేర్లు వేలితో కొట్టేటప్పుడు అక్షరాల కోసం వెతుక్కున్నట్టే వెతుక్కున్నారు.

“జిపార్,” అన్నారు. “మా బావగారికి టీ పట్రా.”

నా పేరు ఆవిడకి తెలుసని నాకు తెలుసు. ఆ గొంతులో ఎలా ఉంటుందో ఇన్నేళ్లలో తెలీదు. గరిటె ఎక్కడ పెట్టానో గుర్తులేదు. బెగిమై అలాగే నిలబడిపోయింది. కోడలుపిల్ల అనే మాట ఇప్పుడు మొత్తం ఆవిడదే. అయినా నా వైపు చూసిన ఆ చూపు నాకు కొత్త కాదు, రోజూ అద్దంలో చూస్తున్నదే.

నేను పియాలా తీసుకుని, పాలు పోసి, టీ సగమే పోశాను. సగమే పోస్తే మళ్లీ పిలుస్తారు.